వెళ్తానమ్మా

వర్షిణి పోయాక ఆ ఇంట్లో ఎవరూ టీవీ వైపు చూడలేదు. పన్నెండో రోజు కూడా గడిచి, వచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు తిరిగిపోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం తిన్న కంచం సింకులో పెడుతూ సూర్యకుమారి అల్లుణ్ణి అడిగింది.

"బాబూ, ఆ కొరియా సీరియల్ ఇంకా రెండు భాగాలు మిగిలిపోయాయి. మీకు తీరికైతే కాస్త చెప్పి పెడతారా?"

చెప్పి పెట్టడమంటే ఏమిటో మధుసూదన్‌కి తెలుసు. కొరియావాళ్ళు మాట్లాడుతుంటే తెర అడుగున ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. సూర్యకుమారికి ఆ భాష రాదు. ఈ అక్షరాలు కూడబలుక్కునేలోపు అవి మారిపోతాయి. అందుకని వర్షిణి చదివి తెలుగులో చెప్పేది. వేసవంతా ఆ ఇంట్లో జరిగింది అదే. సోఫాలో దుప్పటి కప్పుకుని వర్షిణి, పక్కకి డైనింగ్ కుర్చీ జరుపుకుని తల్లి. అతను టొరంటోలో ఆఫీసు ముగించుకుని, మిల్టన్‌లో రైలు దిగి ఇల్లు చేరేసరికి తెర మీద ఎవరో ఒకరు ఏడుస్తూ ఉండేవారు. బూట్లు విప్పుతూ, "ఇవాళ్టి ఏడుపు కోటా అయిందా?" అనేవాడు. "నువ్వు పైకి పో. నీకు రసమంటే చారొకటే తెలుసు," అనేది వర్షిణి. అతను లాప్‌టాప్ పట్టుకుని పైకి పోయేవాడు. ఒక్కనాడూ పక్కన కూర్చోలేదు.

ఇప్పుడు సూర్యకుమారి అడగడమే గొప్ప. కూతురు పోయినప్పటి నుంచి ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒంటిపూట మజ్జిగన్నం తినేది. మిగతా పొద్దంతా మెట్ల మీద అడుగుమెట్టున కూర్చుని వీధి తలుపు వైపు చూసేది. ఆ కాలనీలో కొత్తగా కట్టిన ఇళ్ళన్నిటికీ తలుపు తీయగానే ఎదురుగా మెట్లే. అతను ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే ముందు ఆవిడ మొహమే కనిపించేది. ఆ చూపు తనకోసం కాదని అతనికి వెంటనే తెలిసేది.

ఇంట్లో ఇక మిగిలింది వాళ్ళిద్దరే. పిల్లలు లేరు. వచ్చే ఆదివారం వర్షిణి తమ్ముడు శ్రీరామ్ మాంట్రియల్ నుంచి కారులో వచ్చి తల్లిని తనతో తీసుకుపోతానన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మధుసూదన్ ఒక్కడే.

"చూద్దామండీ," అన్నాడు మధుసూదన్.

శ్రీరామ్ రోజూ ఫోన్ చేసేవాడు. అమ్మ తిందా అని అడిగేవాడు, పడుకుందా అని అడిగేవాడు, చివర గొంతు తగ్గించి ఒకే మాట అనేవాడు: "బావా, నోరు జారకు."

జారకూడని సంగతి ఇది. సూర్యకుమారికి తెలిసినంతవరకు, కూతురి కడుపులో కణితి ఉంది, ఆపరేషన్ చేసి తీసేస్తామన్నారు, ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది. జరిగింది వేరు. ఆవిడ కాకినాడ నుంచి వచ్చే నాటికే జబ్బు కాలేయానికీ ఎముకలకీ పాకింది. కోసి తీయడానికి ఏమీ లేదు. నొప్పికి మందుల మోతాదు పెంచుతూ పోవడం తప్ప డాక్టర్ల చేతిలోనూ ఏమీ లేదు. ఈ దేశంలో చట్టం ఒప్పుకున్న దారి ఒకటుంది. నయంకాని జబ్బుతో ఉన్న మనిషి తనంతట తాను అడిగితే, డాక్టర్లు పరీక్షించి సరేనంటే, వెళ్ళే రోజు ఆ మనిషే చెప్పవచ్చు. ఆ రోజు మందిచ్చి నిద్రపుచ్చుతారు. వర్షిణి అడిగింది. రోజు చెప్పింది.

"అమ్మకి మాత్రం తెలియకూడదు," అంది అతనితో. "అమ్మ దగ్గర దానికి వేరే పేరుంది."

ఆ పేరేమిటో మధుసూదన్‌కి తెలుసు. కాకినాడలో పక్కింటాయన నొప్పి భరించలేక తనంతట తాను పోయినప్పుడు, ఇరవై ఏళ్ళు ఇచ్చిపుచ్చుకున్న ఆ ఇంట్లో సూర్యకుమారి మళ్ళీ మంచినీళ్ళు ముట్టలేదు. ఆయువు రాసినవాడొకడుండగా మనిషి తన చేత్తో దాన్ని చెరుపుకుంటే, ఆ జీవుడు ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ కాకుండా పోతాడని ఆవిడ నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఈ కథ వర్షిణే నవ్వుతూ చెప్పింది. చివరి నెలల్లో ఆ కథ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మధుసూదన్ సోఫాలో ఒక కొసన కూర్చున్నాడు. దుప్పటి ఇంకా అక్కడే మడతపెట్టి ఉంది. ఆవిడ అలవాటు ప్రకారం డైనింగ్ కుర్చీ తెచ్చుకుని, అల్లుడికి ఎదురు పడకుండా కాస్త వెనగ్గా వేసుకుంది. మొదటి నుంచీ కథేమిటో చెప్పమన్నాడు, తను చూడలేదు కనక.

ఆవిడ చెప్పింది. ఒక పెద్ద నది. అవతలి ఒడ్డు కనపడదు. ఒక అబ్బాయి లాంచీ నడుపుతాడు. చక్కనివాడు, కాని మొహాన నవ్వుండదు. అవతలి ఊళ్ళో బోలెడన్ని ఉద్యోగాలున్నాయి. పేపర్లు వచ్చినవాళ్ళే లాంచీ ఎక్కాలి. ఇవతలి ఒడ్డున గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఒక పిల్ల, వాళ్ళ బామ్మ ఉంటారు. ఆ పిల్లకీ లాంచీ అబ్బాయికీ మనసు కలిసింది. తీరా చూస్తే ఆ పిల్లకీ పేపర్లు వచ్చేశాయి. ఈ అబ్బాయికేమో పంపడం ఇష్టం లేదు. ఇదీ గొడవ.

"వాళ్ళకీ ఈ ఇమ్మిగ్రేషన్ గోలేనా అన్నాను బాబూ. అంతమంది ఏడుస్తూ ఎక్కుతారేమిటే అంటే, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో మనవాళ్ళు ఏడవరా అమ్మా అంది. నిజమే కదా. ఒకసారి బాగా ముసలాయన్ని ఎక్కించుకున్నాడు. ఆ వయసులో ఆయనకేం ఉద్యోగమే అన్నాను. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా అమ్మా, కొడుకు దగ్గరికి వెళ్తున్నాడు అంది."

చాలా రోజుల తర్వాత ఆవిడ పెదవుల మీద నవ్వులాంటిది కదిలి పోయింది.

మధుసూదన్ సీరియల్ పెట్టాడు. పట్టుమని పది నిమిషాలు చూడకముందే అతనికి సంగతి తెలిసిపోయింది. అది లాంచీ కాదు. దానికి ఇంజనూ లేదు, తెడ్డూ లేదు. ఎక్కినవాళ్ళ నీడ నీళ్ళలో పడదు. వాళ్ళు పడవలో కాలు పెట్టగానే చేతి గడియారం ఆగిపోతుంది. ఆ చక్కని అబ్బాయి మూడువందల ఏళ్ళుగా చనిపోయినవాళ్ళని నది దాటిస్తున్నాడు. ఎవరిని దాటించాలో అతనికి ముందురోజు పేరు వినిపిస్తుంది. ఇప్పుడు వినిపించింది ఆ పిల్ల పేరు.

తెర మీద పడవవాడు చాలాసేపు మాట్లాడాడు. ఇన్ని వందల ఏళ్ళలో ఏ పేరునీ ఎందుకని అడగలేదని, ఈ ఒక్క పేరుకి మాత్రం అడుగుతున్నానని అన్నాడు.

"ఏమంటున్నాడు బాబూ?" అంది సూర్యకుమారి.

మధుసూదన్ తెర వైపే చూస్తూ చెప్పాడు. "ఆ అమ్మాయి పర్మిట్ తనకే ఎందుకు పంపారని ఆఫీసువాళ్ళని అడుగుతున్నాడు."

"పాపం," అంది ఆవిడ.

ఆ భాగం అయ్యేదాకా అతను అలాగే చెప్పుకుపోయాడు. భార్య కట్టిన గోడకి అతనూ ఇటుకలు పేర్చాడు. చెబుతున్నకొద్దీ అతనికి ఒక సంగతి బోధపడింది. ఏదో కాలక్షేపానికని మొదలుపెట్టిన సీరియల్ తీరా చావు కథని తేలేసరికి, వర్షిణి దాన్ని ఆపెయ్యలేదు. తల్లికి వేరే కథ చెబుతూ, తను మాత్రం అసలు కథ చూసింది. పక్కన తల్లి నవ్వుతుంటే, ఆ నవ్వు వింటూ చూసింది. అతను పైన లాప్‌టాప్ ముందు ఉన్నాడు.

ఆ వారమంతా రైల్లో అతను సీరియల్ మొదటి నుంచి చూశాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, పొద్దున టొరంటో వెళ్ళేటప్పుడు కొంత, సాయంత్రం వచ్చేటప్పుడు కొంత. బయట నవంబరు. మిసిసాగా దాటితే చెట్లన్నీ బోడి. పక్క సీట్లలోవాళ్ళు కళ్ళు మూసుకుని ఊగుతుండేవారు.

కథలో ఒక నియమం ఉంది. పేరు వినిపించాక దాటించనంటే పడవవాడు కొద్దికొద్దిగా నీరైపోతాడు. ముందు వేళ్ళు, తర్వాత చేతులు. అతను అలా పోతే ఆ పిల్ల బతుకుతుంది, కాని అతనొకడు ఉండేవాడని కూడా ఆమెకు గుర్తుండదు. ఆమె ఆ సంగతి కనిపెట్టింది. కొట్లో గడియారాలన్నిటికీ కీ ఇచ్చి, ఒడ్డుకి వచ్చి అతనితో అంది: పేరు నీకు ఎవరో చెప్పారు. రోజు మాత్రం నేను చెప్తాను.

మధుసూదన్ ఫోన్ ఆపేశాడు. ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అతను ఇంటికొచ్చేసరికి టీవీ ఆగి ఉంది. సూర్యకుమారి వంటింట్లో ఉంది. వర్షిణి అతన్ని దగ్గరికి పిలిచి, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి అడిగినట్టు అడిగింది: "వచ్చే నెల మొదట్లో అయితే నీకు ఆఫీసులో కుదురుతుందా?" దేనికి అన్నాడు. అనగానే అతనికే అర్థమైంది. కుదురుతుందన్నాడు.

శనివారం మధ్యాహ్నం చివరి భాగం పెట్టారు. పైన గదిలో సూర్యకుమారి పెట్టెలు సర్దేసి ఉన్నాయి. మర్నాడు శ్రీరామ్ వస్తాడు. ఇదొక్కటీ ఎలాగో దాటించేస్తే చాలనుకున్నాడు మధుసూదన్. ముగింపు ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. అవతలి ఊళ్ళో ఆ పిల్లకి మంచి ఉద్యోగం దొరుకుతుంది. బామ్మని కూడా రప్పించుకుంటుంది.

కథలో తెల్లారింది. ఆ పిల్ల జడ వేసుకుంది, బామ్మ వడ్డించినదంతా తింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి ఒక మాట అంది. బామ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తకుండా ఊఁ కొట్టింది. తెర కింద రోజూ పడే అక్షరాలే పడ్డాయి, బయల్దేరుతున్నా బామ్మా అని.

"వెళ్ళొస్తా బామ్మా," అని చెప్పాడు మధుసూదన్.

"కాదు బాబూ. అలా అనలేదు."

అతను వెనక్కి తిరిగి చూశాడు.

"కొంచెం వెనక్కి తిప్పండి."

తిప్పాడు. ఆ పిల్ల మళ్ళీ చెప్పులు తొడుక్కుంది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ అంది. సూర్యకుమారి కుర్చీలో ముందుకి వంగి వింది. భాష రాని మనిషికి మిగిలేది చెవులే.

"చూశారా. రోజూ తన్యోల్గేయో అనేది. ఆ కొరియావాళ్ళూ మనలాగేనట. ఇల్లు కదిలేటప్పుడు వెళ్తా అనరట, వెళ్ళొస్తా అంటారట. వర్షిణి చెప్పింది. తన్యోల్గేయో అంటే వెళ్ళొస్తా. ఈవేళ ఈ పిల్ల అలా అనలేదు. కల్గేయో అంది. వెళ్తా అని."

మధుసూదన్ అక్షరాల వంక చూశాడు. ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే. ఇంగ్లిష్ చదివినంతసేపూ అతనికి ఆ పిల్ల రోజూలాగే బయల్దేరింది.

"మాకదొక ఆటైపోయింది బాబూ," అంది సూర్యకుమారి. "ఆస్పత్రికి వెళ్ళేటప్పుడల్లా గుమ్మంలో నిలబడి తన్యోల్గేయో అమ్మా అని అరిచేది. నేనూ వంటింట్లోంచి ఆ మాటే అరిచేదాన్ని. నాకు సరిగ్గా పలకదు. అది నవ్వేది."

తెర మీద బొమ్మ ఆగిపోయి ఉంది, ఆ పిల్ల మొహం సగం తిరిగి.

"ఆఖరి రోజు అలా అనలేదు. నేను విన్నాను. చారుకి పోపు వేస్తున్నాను. వెళ్తానమ్మా అంది. తెలుగులోనే. ఎన్నడూ అనని మాట. చిన్నప్పుడు ఎప్పుడైనా నోరు జారి అంటే మూతి మీద కొట్టేదాన్ని. వెళ్ళొస్తానని చెప్పించుకుని గాని పంపేదాన్ని కాదు. ఆ రోజు పిలుద్దామనుకున్నాను. గరిటె చేతిలోనే ఉంది. కాని ఆపరేషన్‌కి వెళ్ళే మనిషిని వెనక నుంచి ఎలా పిలవను? పిలిస్తే అశుభం. ఊరుకుంటే ఆ మాట అశుభం. ఏది తక్కువో తేల్చుకునేలోపు కారు వెళ్ళిపోయింది. మా అమ్మైతే పిలిచేది. పిలిచి, లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి పంపేది. దోషం పోతుందని. నాకు ఆ క్షణాన అది తోచలేదు. ఒక్క మాట దిద్దలేకపోయాను. దాన్ని చంపుకుంది నేనే బాబూ."

ఆవిడ గొంతు పెరగలేదు. మజ్జిగ పులిసిందని చెప్పినట్టు చెప్పింది. రోజంతా ఆ మెట్టు మీద కూర్చుని ఆవిడ ఏం చూస్తోందో మధుసూదన్‌కి అప్పుడు తెలిసింది.

ఆ రోజు కారు హైవే ఎక్కాక వర్షిణి అడిగింది, "అమ్మ విందంటావా?" అని. కుక్కర్ కూత వేస్తోంది, విని ఉండదన్నాడతను. మంచిదంది. కిటికీలోంచి చూస్తూనే అంది: "అమ్మకి అన్నీ అబద్ధాలే చెప్పాను మధూ. అదొక్కటీ నోట రాలేదు."

తల్లికి తెలియనివ్వనని వర్షిణికి మాట ఇచ్చాడు. నిద్రమందు ఎక్కే ముందు, ఆమె చెయ్యి తన చేతిలో ఉండగా ఇంకోసారి ఇచ్చాడు. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని ఊరుకోవడం. ఊరుకుంటే కూతుర్ని ఒక మాటతో చంపుకున్నానన్న నమ్మకం పెట్టెలో బట్టలతో పాటు మాంట్రియల్ వెళ్తుంది. చెబితే, కాకినాడ పక్కింట్లో లాగే, వర్షిణి ఇంట్లోనూ ఆవిడ ఇక మంచినీళ్ళు ముట్టదు.

"ఆ మాట వల్ల ఏమీ కాలేదండీ," అన్నాడు. "తిరిగి రానని వర్షిణికి ముందే తెలుసు."

ఆవిడ అతని వంక చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్తగారు అతని కళ్ళలోకి నేరుగా చూడటం అదే మొదలు.

అతను చెప్పాడు. జబ్బు ఎక్కడిదాకా పాకిందో చెప్పాడు. ఆపరేషన్ అన్నది లేదని చెప్పాడు. రోజు ఎవరు నిర్ణయించారో చెప్పాడు. సీరియల్లో లాంచీ లాంచీ కాదని, పేపర్లు పేపర్లు కాదని కూడా చెప్పాడు. చెబుతుంటే మధ్యలో మాటలు ఇంగ్లిష్‌లోకి జారుతున్నాయి, ఆస్పత్రివాళ్ళ మాటలు. వాటిని ఆపి మళ్ళీ తెలుగులో చెప్పాడు. వర్షిణి తల్లికి చెప్పకుండా దాటవేసినదంతా అతను ఒక్క పూటలో చెప్పి పెట్టాడు.

సూర్యకుమారి ఏడవలేదు.

"నొప్పి పెట్టిందా?"

"లేదండీ. నిద్రపోయింది."

"మీరు పక్కనున్నారా?"

"ఉన్నాను."

"శ్రీరాముడు?"

"ఉన్నాడు."

ఆవిడ తల ఊపింది. "అయితే లేనిది నేనొక్కదాన్నే."

అతను రిమోట్ బల్ల మీద పెట్టాడు.

"ఆపరేషన్ అయ్యాక రెండు మెతుకులు చారుతో పెట్టమంటారేమోనని, చారు చల్లారనివ్వలేదు నేను. చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టాను. మీ ఫోన్ వచ్చేదాకా వెచ్చబెడుతూనే ఉన్నాను," అంది. కుర్చీ తీసి డైనింగ్ టేబుల్ దగ్గర దాని చోట పెట్టింది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సీరియల్లో ఇంకా చాలా భాగం మిగిలే ఉంది. మధుసూదన్ టీవీ ఆపేశాడు.

రాత్రి భోజనానికి ఆవిడ దిగలేదు. పొద్దున దిగింది, స్నానం చేసి, చీర కట్టుకుని. అతను కాఫీ కలిపి గట్టు మీద పెట్టాడు. వద్దని చెప్పలేదు, తాగనూ లేదు. తన మందు బిళ్ళలు కూడా నీళ్ళు లేకుండానే మింగింది. అది చూశాక అతను మళ్ళీ ఏమీ ఇవ్వబోలేదు. కాకినాడలో పక్కింటి సంగతి అతనికి గుర్తుంది.

శ్రీరామ్ పొద్దెక్కాక వచ్చాడు, చీకటితో బయల్దేరి. లోపలికొచ్చి తల్లి మొహం చూశాడు, బావ మొహం చూశాడు. మధుసూదన్ని గరాజ్‌లోకి లాక్కుపోయాడు.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"అక్క నీకు ఒక్కటే పని అప్పజెప్పింది బావా."

"అవును."

శ్రీరామ్ కొట్టేవాడేమో. పిడికిలి బిగించాడు కూడా. బదులుగా మంచు ఎత్తే పార గోడకి సరిగ్గా ఆనించి లేకపోతే దాన్ని సరిచేసి పెట్టాడు. "ఏమంది?" అన్నాడు చివరికి.

"నేనొక్కదాన్నే లేను అంది."

శ్రీరామ్ అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాడు. తరవాత లేచి, మొహం తుడుచుకుని, పెట్టెలు మోసుకుని కారు దగ్గరికి పోయాడు.

సూర్యకుమారి అడుగుమెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. ఆ బూట్లు వర్షిణివి, చలి మొదలయ్యాక తల్లికిచ్చినవి. ఆవిడ కాళ్ళకి కాస్త వదులు. లేచి, కోటు గుండీలు పెట్టుకుని, తలుపు తీసింది. బయట సన్నగా మంచు మొదలైంది. గుమ్మం దాటి, ఇటు తిరగకుండానే అంది:

"వెళ్తాను బాబూ."

మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది.

"అత్తయ్యగారూ," అని వెనక నుంచి పిలిచాడు మధుసూదన్.

ఆవిడ ఆగిపోయింది. కారు దగ్గర శ్రీరామ్ కూడా తలెత్తి చూశాడు.

"బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదని మీకు తెలీదా?" అంది, కోపంగానే.

"తెలుసండీ."

"మరి?"

"పిలిచేశానుగా. కూర్చుని వెళ్ళాలి."

ఆవిడ తల మీదా భుజాల మీదా మంచు వాలుతోంది. తర్వాత మెల్లగా వెనక్కొచ్చి, గుమ్మం దాటి, బూట్లతోనే ఆ అడుగుమెట్టు మీద కూర్చుంది. మధుసూదన్ వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు.

ఆవిడ గ్లాసు అందుకుంది. ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవంక చూస్తూ ఉంది. శ్రీరామ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆవిడ గ్లాసెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుంది. కొంచెం ఆగి, మిగిలినవీ తాగింది.

"దాన్ని నేనూ పిలవాల్సింది," అంది.

"పిలిచినా ఆగేది కాదండీ."

"ఆగేది కాదు. నాకు తెలుసు దాని సంగతి." ఖాళీ గ్లాసు అల్లుడి చేతికిచ్చింది. "కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేది."

కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, ఈసారి ఏ మాటా అనకుండా దిగింది. మధుసూదన్ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉన్నాడు. మళ్ళీ పిలవలేదు.